పురానాపూల్ ఎందుకు నిలబడింది? ఓరుగల్లు నుంచి చూస్తే

2024 ఏప్రిల్ 22 రాత్రి పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద కడుతున్న వంతెన గర్డర్లు ఈదురుగాలికి కూలిపోయాయి. 2016లో మొదలైన పని, ఎనిమిదేళ్లకూ పూర్తి కాలేదు. అవతలి ఒడ్డున భూపాలపల్లి జిల్లా గర్మిళ్లపల్లి. రెండు వైపుల జనం అప్పటికీ ఏట్లో పోసిన మట్టిదారి మీదే తిరుగుతున్నారు. అదృష్టం బాగుండి ఎవరి ప్రాణమూ పోలేదు. మర్నాటి నుంచి హనుమకొండలో, కరీంనగర్‌లో నలుగురు కూడిన ప్రతిచోటా ఒకటే మాట: “నాలుగొందల ఏండ్ల కిందటి పురానాపూల్ ఇంకా నిలవడ్డది, ఇదేమో గాలికే పడ్డది.”

ఆ కోపంలో న్యాయం ఉంది. ఎనిమిదేళ్లు సాగదీసిన పనికి సమాధానం చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. పోలిక మాత్రం సరైంది కాదు. హైదరాబాద్‌లో మూసీ మీద ఉన్న పురానాపూల్ నిలబడటానికి పాతకాలపు పనితనం ఒక్కటే కారణమనుకుంటే, ఆ వంతెన చరిత్రలో మనకు అన్నిటికన్నా పనికొచ్చే సంగతి చేజారిపోతుంది. ఆ సంగతి చెరువులకు సంబంధించింది. చెరువుల మీద బతికిన వరంగల్ వాళ్లకు అది ఇంకెవరికన్నా తొందరగా అర్థం కావాలి.

ముందు కథ సంగతి తేలుద్దాం. హైదరాబాద్‌లో ఆటో ఎక్కినా చెప్తారు: మహమ్మద్ కులీ యువరాజుగా ఉన్నప్పుడు మూసీ అవతల చిచ్లం గ్రామంలో ఉండే భాగమతిని ప్రేమించాడు, వరదలో గుర్రాన్ని ఏట్లోకి దింపాడు, కొడుకు ఏమైపోతాడోనని భయపడి తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్‌షా వంతెన కట్టించాడు. వినడానికి బాగుంటుంది. తారీఖులే ఒప్పుకోవు. వంతెన పూర్తయింది 1578లో. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే వంతెన మీద మొదటి బండి నడిచేనాటికి యువరాజుకు పదమూడేళ్లు. కుతుబ్‌షాహీల చరిత్రను లోతుగా రాసిన హరూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను ఒప్పుకోలేదు. నేనూ ఆయన పక్షమే. పైగా అసలు కారణం ఈ కథకన్నా పెద్దది.

ఇబ్రహీం కులీ తెలుగువాళ్లకు కొత్తవాడు కాదు. గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు కవులను ఆదరించి వాళ్ల నోట మల్కిభరాముడు అయ్యాడు. 1565లో విజయనగరం కూలాక గోల్కొండ చేతికి సొమ్మూ భూమీ రెండూ వచ్చాయి. వజ్రాల వ్యాపారం, బట్టల వ్యాపారం, తూర్పున మచిలీపట్నం రేవు దాకా సాగే బండ్ల వరస, అన్నీ గోల్కొండ కోట గుమ్మం ముందు వచ్చి ఆగేవి. ఒకప్పుడు కాకతీయుల మట్టికోటగా మొదలైందని చెప్పే ఆ గుట్ట చుట్టూ జనం పట్టలేనంత పెరిగారు. నీళ్లు చాలలేదు. కోటకు దిగువన కార్వాన్ వర్తకుల పేట మూసీ ఒడ్డు దాకా వచ్చి ఆగింది. ఆగిన చోట వంతెన కావాలి. కట్టారు. దక్షిణం ఒడ్డున నేల చదునుగా, ఖాళీగా ఉంది. పదమూడేళ్లకు, 1591లో, అక్కడే చార్మినార్ లేచింది. హైదరాబాద్ నగరం ఉంది కాబట్టి వంతెన కట్టలేదు, వంతెన ఉంది కాబట్టి నగరం అవతలికి దాటింది. ప్రేమకథ ఈ వరసను తలకిందులు చేసి చెప్తుంది.

మనిషికి నచ్చే ముచ్చట ఇంకొకటుంది. పారిస్‌లో సేన్ నది మీది పాంట్ నెఫ్ వంతెనకు శంకుస్థాపన జరిగింది కూడా 1578లోనే. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఈ వంతెనను చూసి, అందంలో తమ పాంట్ నెఫ్‌కు పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు.

ఇక కొలతలు. పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు, నది అడుగు నుంచి ఎత్తు 54 అడుగులు, ఖానాలు (కమాన్ల కింద నీళ్లు పోయే సందులు) 22 అని పుస్తకాల్లో కనిపిస్తుంది. 600ను 22తో భాగిస్తే ఒక్కో ఖానాకు, పక్కనున్న దిమ్మెతో కలిపి, 27 అడుగులే వస్తాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం. ఇప్పుడు ఆ వంతెన మీద బండ్లు నడవవు, పక్కనే ఇంకో వంతెన వేశారు. పాతదాని మీద కూరగాయల అంగడి. టమాటా గంపల మధ్య నుంచి నడిచి పోతుంటే వంతెన మీద ఉన్నామని తోచదు. పక్క వంతెన మీదికి వెళ్లి తిరిగి చూస్తేనే కొస తేలిన కమాన్ల వరస, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ బలిసిన దిమ్మెలు కనిపిస్తాయి. మూసీ కంపుకు ముక్కు మూసుకుని అయినా సరే, ఒక్క నిమిషం అక్కడ నిలబడి చూడాలి.

రాతి కమాను పని తీరు సాదాది. రాయి నొక్కితే ఓర్చుకుంటుంది, సాగదీస్తే పగులుతుంది. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతూనే ఉంటుంది, ఎక్కడా లాగదు. మేడారంలో గద్దెల దగ్గర జనం ఒత్తిడికి మనిషి కిందపడే సందుండదు చూడండి, అలాగన్నమాట. పైన బరువు ఎంత పెరిగితే రాళ్లు అంత బిగుస్తాయి. వరద మీదినుంచి పోయినా ఆ బరువే దాన్ని ఏట్లో అదిమి పెడుతుంది. ఓడేడులో పడ్డ గర్డర్ల సంగతి దీనికి పూర్తిగా వేరు. కాంక్రీటు గర్డరు పొడవుగా, ఎత్తుగా, సన్నగా ఉంటుంది. పక్క గర్డర్లతో అడ్డ దూలాలు కలిపి, పైన స్లాబు పోసేదాకా దానికి అడ్డంగా వచ్చే గాలిని తట్టుకునే బలం ఉండదు. అందుకే ఆ దశను తొందరగా దాటాలి, దాటేదాకా గట్టిగా కట్టిపెట్టాలి. ఏళ్ల తరబడి సగంలో వదిలేస్తే, ఎంత మంచి డిజైన్ అయినా ప్రమాదమే. పురానాపూల్ కమాన్లను కూడా మధ్య రాయి పెట్టకముందే చెక్క ఆసరా తీసేసి ఉంటే మూసీలో పడేవే. పూర్తయిన వంతెనను పూర్తికాని వంతెనతో పోల్చడమే ఇక్కడి పొరపాటు.

నది అడుగు కూడా వేరే. హైదరాబాద్ దగ్గర మూసీ గ్రానైటు రాతి నేల మీద పారుతుంది, చాలాచోట్ల రాతిపలక లోతు లేకుండానే తగులుతుంది. మానేరు, గోదావరి అలా కాదు. అక్కడ పైనంతా ఇసుక. గట్టి నేల దొరికేదాకా బావి పునాదులు దింపాలి, అంటే కాంక్రీటు ఒరలు పేర్చి, లోపలి ఇసుక తోడుతూ కిందికి దించుకుంటూ పోవాలి. వరదలో నీళ్లు దిమ్మె పాదం చుట్టూ సుడి తిరిగి ఇసుకను తోడేస్తాయి. చాలా వంతెనలు పైనుంచి విరిగి పడవు, కింద పాదు కోసుకుపోయి కుంగుతాయి. మన ఏళ్లలో లారీలకొద్దీ ఇసుక ఎత్తుకుపోతుంటే ఆ పాదాలకు ఉన్న కప్పు పోతుంది. వరద చేయాల్సిన పని మనమే ఎండాకాలంలో చేసి పెడుతున్నాం.

ఇప్పుడు 1908కి వద్దాం. ఆ ఏడాది నాటికి మూసీ మీద నాలుగు వంతెనలున్నాయి. ఎగువ నుంచి దిగువకు చూస్తే పురానాపూల్, ముసల్లంజంగ్, అఫ్జల్, చాదర్‌ఘాట్. చాదర్‌ఘాట్‌ది 1831లో ఆలిఫెంట్ అనే ఇంగ్లీషు అధికారి కట్టించింది, మనం నయాపూల్ అనే అఫ్జల్ వంతెన 1860 ప్రాంతానిది, ముసల్లంజంగ్ వాటికన్నా కొత్తది. సెప్టెంబరు 28న వరద వచ్చింది. ఒడ్డున ఉన్న ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ బిడ్డనీ ఆ ఒక్క రోజే పోగొట్టుకున్నాడు. చనిపోయినవాళ్లు 15 వేల మంది అని సాధారణంగా చెప్పే లెక్క. మూడు వంతెనలు తెగిపోయాయి. నగరం రెండు ముక్కలైంది. ఆ రెండు ముక్కల మధ్య మిగిలిన దారి పురానాపూల్ ఒక్కటే.

ఇక్కడే “పాతది గట్టి” అనే మాట పుట్టింది. నిజమే, దిమ్మెలు బలిసినవి, ఖానాలు చిన్నవి. 27 అడుగులకొక దిమ్మె ఉన్నప్పుడు ఒక కమాను పోయినా పక్క దిమ్మె ఆ ఒత్తిడిని తనే కాస్తుంది, వరసగా అన్నీ కూలవు. కానీ అదే గుణం వరదకు అడ్డం కూడా. నది వెడల్పులో పెద్ద భాగం దిమ్మెలే ఆక్రమిస్తే నీళ్లు పోయే సందు తగ్గుతుంది, ఎగువన మట్టం లేస్తుంది, ఒడ్డు దాటి ఇళ్ల మీద పడుతుంది. బలమైన వంతెన తను నిలబడి, పక్క బస్తీని ముంచగలదు. ఇంకొక సంగతి కూడా మరచిపోతాం. పురానాపూల్ ఎన్నడూ దెబ్బ తిననిది కాదు. 1820 వరదలో దెబ్బతింటే మూడో నిజాం సికందర్ జా బాగు చేయించాడు. నాలుగొందల ఏళ్లు నిలబడ్డదంటే, నాలుగొందల ఏళ్లు ఎవరో ఒకరు చూసుకున్నారనే అర్థం.

అయితే 1908లో అంత నీరు ఎక్కడిది? దీనికి జవాబు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చాడు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో వచ్చి లెక్కలు కట్టాడు. నగరం దగ్గర వరద 4,25,000 క్యూసెక్కులని, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరని తేల్చాడు. మన వైపు వాళ్లకు అంచనా కోసం చెప్పాలంటే, 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు గేట్లన్నీ ఎత్తినా పోయేది 3 లక్షలే, కట్ట ఉంటుందో పోతుందోనని నిర్మల్ జిల్లా అంతా ఊపిరి బిగబట్టింది. దాదాపు ఆ స్థాయి నీరు ఒక నగరం నడిమధ్య నుంచి పోయిందన్నమాట. వాన భయంకరంగా పడింది, ఒప్పుకోవాలి. వాన ఒక్కటే కాదు. మూసీ, ఈసీ నదులకు నీరిచ్చే ఎగువ నేలలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయి.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది మనం పుట్టి పెరిగిన పద్ధతి గురించిన అంకె. కాకతీయులూ వాళ్ల సామంతులూ పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువులు కట్టారు, వాటి చుట్టూ ఊరూరా గొలుసుకట్టు చెరువులు పెరిగాయి. పై చెరువు మత్తడి (చెరువు నిండాక నీరు పొర్లిపోయే చోటు) దుంకిన నీరు కింది చెరువుకు, దాని మత్తడి ఇంకా కిందికి. కాలం బాగున్నన్ని రోజులు ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు: వరద పరుగు తగ్గుతుంది, ప్రతి ఊరూ తన వాటా ఆపుకుంటుంది. కానీ ఒక కట్ట తెగితే రోజుల తరబడి మెల్లగా రావలసిన నీరు గంటల్లో వస్తుంది. కింది చెరువు మత్తడి ఆ జోరుకు కట్టింది కాదు. అదీ తెగుతుంది. ఇప్పుడు రెండు చెరువుల నీరు మూడోదాని మీద. అలా చివరికి నదిలో పడేది వాన నీరు మాత్రమే కాదు, ఏళ్లుగా ఊళ్లు దాచుకున్న నీరంతా. 1908లో ఆ మూడు వంతెనలను తెంపింది ఈ రెండూ కలిసిన వరద.

అందుకే విశ్వేశ్వరయ్య వంతెనలను ఇంకా దిట్టంగా కట్టమని చెప్పి ఊరుకోలేదు. నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను పట్టి మెల్లగా వదలమన్నాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండు నదులూ లంగర్‌హౌజ్ దగ్గర కలిసి పురానాపూల్ వైపు వస్తాయి కాబట్టి, ఆ వంతెన గత వందేళ్లుగా ఈ రెండు జలాశయాల నీడలో బతుకుతోంది. 1578 నాటి మేస్త్రీల పనికి 1920ల ఇంజనీర్ల పని తోడైంది. దాన్ని తీసేసి పాతవాళ్ల గొప్ప ఒక్కటే చెప్పుకోవడం ఇద్దరికీ అన్యాయం.

ఇప్పుడు మన దగ్గరికి. ఓరుగల్లు రాజధానికి చెప్పుకోదగ్గ పాత వంతెన లేదు, ఎందుకంటే నగరం మధ్యలో పెద్ద నది లేదు. గోదావరికీ కృష్ణకూ నీళ్లు పంచే మెరక మీద ఊరు కట్టి, చెరువులతో బతికారు. కనుక మన వంతెనలన్నీ వాగుల మీదివీ నాలాల మీదివీ, ప్రతిదాని ఎగువనా ఒక చెరువుంటుంది. హనుమకొండలో నయీంనగర్ నాలా మీది వంతెన, పెద్దమోరి, చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వడ్డేపల్లి, గోపాల్‌పూర్ వైపు నుంచి దిగే నీళ్లన్నీ ఆ నాలాలోనే పోవాలి. పాత మోరి ఖానాలు ఇరుకు, వాటికి అడ్డంగా గుర్రపుడెక్క, చెత్త, ప్లాస్టిక్. 2020 ఆగస్టులో నీళ్లు వెనక్కి తన్ని కాలనీలకు కాలనీలు మునిగాయి, ఇళ్లల్లోంచి జనాన్ని పడవల మీద తీసుకొచ్చారు. ఆ మోరిని 2024లో కూలగొట్టి వెడల్పుగా కట్టారు. మంచి పని. కానీ 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వానకు హనుమకొండ మళ్లీ మునిగింది. వంతెన వెడల్పు పెంచితే నీళ్లు అక్కడ ఆగవు, ఇంకో ఇరుకు దగ్గర ఆగుతాయి. శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, ఇళ్లు లేచి చెరువు చిన్నదైతే, అది ఆపుకోలేని నీరంతా కిందికే వస్తుంది. ఆ లెక్క కట్టకుండా ఒక్క వంతెనను మార్చడం సగం వైద్యమే.

వంతెన బాగుండి కూడా దారి తెగిపోతుందనడానికి 2024 సెప్టెంబరు 1 కన్నా సాక్ష్యం వద్దు. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య కాజీపేట-విజయవాడ రైలుమార్గం. పైన చెరువు తెగింది. వచ్చిన నీరు వంతెన ఖానాల కోసం వెతుక్కోలేదు, కట్టనే దాటింది. కంకరా మట్టీ కొట్టుకుపోయి, పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో నిచ్చెనలా వేలాడాయి. ఢిల్లీ-చెన్నై రైళ్లు ఆగిపోయాయి. అంతకు ముందు ఏడు, 2023 జులై 27న, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే తెల్లవారుజామున భూపాలపల్లి దారిలో మోరంచవాగు మోరంచపల్లి మీద పడితే, ఊరు మేడల మీదికెక్కింది. అలాంటి వానకు ఏ లెక్క ప్రకారం కట్టిన మోరీ సరిపోదు. కానీ పాతకాలపు వానల లెక్కతో కట్టిన తూములూ మత్తడులూ ఇంకా మన ఊళ్లలో అలాగే ఉన్నాయి, వాటి కింద కట్టిన కల్వర్టులు వాటికన్నా ఇరుకు. రెండింటినీ కలిపి కొలిచే శాఖ ఒక్కటీ లేదు. చెరువు ఒకరిది, రోడ్డు ఒకరిది, నాలా మూడో వాళ్లది.

హైదరాబాద్‌కు కూడా ఇదే పరీక్ష వస్తోంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు పెడుతూ 1996లో జీవో 111 వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు తీసేశారు. ఎగువ నేల కాంక్రీటైతే అదే వానకు ఎక్కువ నీరు, తక్కువ సేపట్లో జలాశయంలోకి దిగుతుంది, గేట్లు ముందే ఎత్తాలి. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్టాండులోకి వచ్చాయి. పురానాపూల్ కమాన్లకు ఇప్పుడున్న ముప్పు రాయి వయసు నుంచి రావడం లేదు, వికారాబాద్, శంకర్‌పల్లి వైపు నేల నుంచి వస్తోంది.

ఓడేడు దగ్గర కోపం వచ్చిన మనం అడగాల్సింది ఇంకా ఉంది. వంతెన ప్రారంభమైన రోజు శిలాఫలకం మీద మంత్రుల పేర్లుంటాయి. ఆ పేర్ల కింద మూడు వరసలు చెక్కించాలి: ఈ వంతెన ఎన్ని క్యూసెక్కులకు కట్టింది, దీని ఎగువన ఉన్న చెరువులేవి, వాటి కట్టలను చివరిసారి ఏ ఏడు తనిఖీ చేశారు. 2024 నవంబరులో పూడిక తీత కోసం భద్రకాళి చెరువు ఖాళీ చేయడం మొదలుపెట్టినప్పుడు నగరం అంతా చూడటానికి వెళ్లింది. అదే శ్రద్ధ దాని మత్తడి కిందికి దిగే కాలువ మీద కూడా పెట్టి, ఆ మూడు వరసలు ముందుగా పెద్దమోరి మీద రాయిస్తే, వచ్చే జూన్‌లోగా నయీంనగర్ వాళ్లు తమ గడప ఎంత ఎత్తున ఉండాలో లెక్క కట్టుకోగలరు.